పసులపోలిగాడు ఉన్న పేజీ

పోయిన నెల సార్ వాళ్ళింట్లో రేకు పెట్టె మూత ఎత్తగానే ముందు తగిలింది వేపాకు వాసన. ఎండి, నలిగి, పొడైపోయిన వేపాకు. దాని వెనకాల కలరా ఉండలు, ఆ రెండిటికీ అడుగున పాత కాగితం. పెట్టె ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు ఒక్క పుస్తకం కూడా చేతిలోకి తీసుకోలేకపోయాను.

సార్ పోయి అప్పటికి పదహారు రోజులు. వాళ్ళమ్మాయి బెంగుళూరు నుంచి వచ్చి తిరుపతిలో ఇల్లు ఖాళీ చేస్తా ఉంది. "అన్నా, నాయన పిట్టల పుస్తకాలన్నీ నీకే ఇయ్యమని చెప్పుండాడు. ఒక్కటి కూడా పాతపేపర్లోళ్ళకి పోకూడదన్నాడు" అని పొద్దున్నే ఫోన్ చేసింది. ఆ అమ్మాయి పెట్టిన కాఫీ పెట్టె పక్కనే చల్లారిపోయింది.

*

మా ఊరు చంద్రగిరికి అవతల, కొండ కింద. ఇంటెనక పెద్ద చింతమాను, దాని నీడలో గొడ్లపాక. మా అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ మంచం మీద పడుకుని కళ్ళు తెరవకుండానే ఏ పిట్ట ఏ కొమ్మ మీద ఉందో చెప్పేది. ఇంకా చీకటి ఉండగానే చింతమాను మీది నుంచి ఒక గొంతు లేచేది. "పసులపోలిగాడు లేసినాడు. మీరింకా పడుకోనుండారు, లెయ్యండ్రా" అనేది.

నల్లగా నిగనిగలాడే పిట్ట, తోక చివర రెండు పాయలు. పగలంతా ఆవుల వీపు మీదే వాడి కాపురం. గొడ్లు గడ్డిలో అడుగేస్తే ఎగిరే మిడతల్ని గాల్లోనే అందుకుని మళ్ళీ వచ్చి వీపు మీద కూర్చునేవాడు. గూడు పెట్టిన రోజుల్లో ఆ పక్కకి కాకి వచ్చిందా, ఊరి పొలిమేర దాకా తరిమి వచ్చేవాడు. తనకంటే అంత పెద్ద కాకిని తరుముతుంటే మేము కళ్ళం గట్టు మీద నిలబడి కేకలు పెట్టేవాళ్ళం.

అవ్వ నోట ఎన్ని పేర్లో. మిట్ట బావి మీదికి వంగిన ఈతచెట్లకు గూళ్ళు అల్లేది గిజిగాడు. కంచెలో ఎర్ర కళ్ళతో నక్కి నక్కి తిరిగేది జెముడుకాకి. నెత్తిన కుచ్చుతో దిబ్బ మీద నేలను పొడిచేది కూకుడుగువ్వ. రాత్రిపూట చెరువు పక్కనుంచి తీతువు అరిస్తే మాత్రం పేరు ఎత్తేది కాదు, "రామ రామ" అనుకుని గోడవైపు తిరిగి పడుకునేది. దసరా నాడు పాలపిట్టను చూపించడానికి నన్ను భుజాన ఎక్కించుకుని చెనిక్కాయల చేల దాకా నడిచేది. కూర్చున్నప్పుడు మట్టి రంగుగా ఉన్న పిట్ట రెక్క విప్పగానే అంత నీలం ఎక్కడినుంచి వచ్చేదో. అవ్వ చేతులెత్తి దండం పెట్టేది.

బడిలో తెలుగు వాచకంలో కూడా పిట్టలుండేవి. చిలుక, కోకిల, హంస, చకోరం. పద్యాల్లో అవి అందంగా ఉండేవి, నాకు కంఠతా వచ్చేవి. కానీ పసులపోలిగాడు ఏ పద్యంలోనూ కనపడలేదు. చంద్రగిరికి విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను వచ్చినప్పుడు నాయన రష్యా నుంచి వచ్చిన బొమ్మల పుస్తకం కొనిచ్చాడు. నున్నటి కాగితం, ముక్కుకి ఆనించుకుంటే ఏదో కొత్త సిరా వాసన. అందులో మంచు మీద నడిచే పిట్టలు. మంచు అంటే ఏమిటో తెలియని నేను వాటి పేర్లు నేర్చుకున్నాను. మా ఇంటెనక పిట్ట ఉండే పుస్తకం ఒకటి ఎక్కడో ఉండే ఉంటుందని అప్పుడే గట్టిగా అనిపించింది.

*

ఆ పుస్తకం మద్రాసులో దొరికింది.

మామకు కంటి ఆపరేషన్. తోడుగా నన్ను తీసుకుపోయారు, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో. సెంట్రల్ స్టేషన్ పక్కనే మూర్ మార్కెట్. ఎర్ర ఇటుకల పెద్ద కట్టడం, లోపల సందులు సందులుగా పాత పుస్తకాల అంగళ్ళు. ఇంకో పక్క పంజరాలు. చిలకలు, రంగు పూసిన చిన్న చిన్న పిట్టలు, ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి. ఆ అరుపులకు కడుపులో తిప్పింది. మామ చెయ్యి పట్టుకుని అక్కడినుంచి పుస్తకాల వైపు లాక్కుపోయాను.

అక్కడ ఒక గుట్టలో, అట్ట లేని ఇంగ్లీషు పుస్తకం. తెరిచిన చోటే రంగుల బొమ్మ, వాడే. ఆ తోక, ఆ నలుపు. కింద 'బ్లాక్ డ్రాంగో' అని, దానికే ఇంకో పేరు 'కింగ్ క్రో' అని. ఎనిమిదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. పశువుల వీపు మీద కూర్చోవడం, కాకుల్ని తరమడం, అవ్వ చెప్పినవే, మేము చూసినవే. ఎవరో దొర కాదు, రాసింది మన దేశపు పిట్టల శాస్త్రవేత్త సలీం అలీ అని లోపలి పేజీలో ఉంది. అంగడాయన అరవంలో ముప్పై అన్నాడు. మామ ఒక కంటికి కట్టుతోనే బేరం చేసి ఇరవైకి ఇప్పించాడు.

'ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' మొదట 1941లో వచ్చింది. తర్వాత ఎన్నిసార్లు అచ్చయిందో. నా చేతికి వచ్చిన ప్రతిలో గుడ్లగూబల పేజీలు ఎవరో చింపేశారు. అందుకే చాలా ఏళ్ళ దాకా గుడ్లగూబల్లో ఏది ఏదో నాకు తేల్చుకోవడం వచ్చేది కాదు. మిగతాదంతా అరిగిపోయేదాకా చదివాను. ఆయన పిట్ట కొలత అంగుళాల్లో చెప్పి ఊరుకోడు. పిచ్చుక అంత, బుల్‌బుల్ కంటే కాస్త పెద్ద, మైనా కంటే చిన్న, కాకి అంత, గద్ద అంత, ఇట్లా చెప్తాడు. ఊళ్ళో పెరిగిన వాడికి ఇంతకంటే ఏం కావాలి? అవ్వ కూడా అంతే చెప్పేది కదా, "గోరింక అంతుంటాదిరా" అని. తీతువు అరుపు ఇంగ్లీషు వాళ్ళ చెవికి 'డిడ్ హీ డూ ఇట్' అన్నట్టు ఉంటుందని ఉంది. అవ్వకు చదివి వినిపిస్తే ఆ రోజు మాత్రం "రామ రామ" అనలేదు. రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుంది.

మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. పేపర్లో ఆ ఫొటో చూసినప్పుడు ముందు నాకు గుర్తొచ్చింది పుస్తకాలు కాదు, పంజరాలు.

*

పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చి తిరుపతిలో చేరాక సార్ పరిచయం. మనిషి కంటే ముందు ఆయన బుక్‌పోస్టు పరిచయం. పొద్దున్నే సంచులు విప్పి సార్టింగ్ చేసేటప్పుడు రెండు చివరలూ తెరిచి ఉండే కాగితపు చుట్టలో పలచటి పత్రిక ఒకటి వచ్చేది. చుట్ట సందులోంచి పిట్ట తోక కనపడేది. జఫర్ ఫతేహల్లీ మొదలుపెట్టిన 'న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్' అది, అప్పటికి బెంగుళూరు నుంచి వస్తా ఉండేది. మూడు నాలుగు సంచికలు అట్లా చేతుల మీదుగా పోయాక ఆగలేకపోయాను. పోస్ట్‌మ్యాన్‌తో చెప్పి ఆ ఒక్కటి నేనే సాయంత్రం తీసుకుపోయాను.

తలుపు తీసిన మనిషి లుంగీ, బనీను, మెడలో బైనాక్యులర్స్. జువాలజీ లెక్చరర్ అట. "పోస్టాఫీసు నుంచి మనిషే వచ్చినాడంటే రిజిస్టరు పోస్టా?" అన్నాడు.

"లేదు సార్, ఒకసారి చదివి రేపు ఇచ్చేస్తాను, ఇస్తారా?"

ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూసి, లోపలికి రమ్మని, వాళ్ళ వంటింటి కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. పెరట్లో కానగమాను. "ఏముందో చెప్పబ్బా" అన్నాడు. కనపడలేదు, వినపడింది. పైడికంటి, చిన్న జాతి గుడ్లగూబ. చింపేసిన పేజీల్లోది. అవ్వ పుణ్యాన చెప్పగలిగాను. సార్ పత్రిక చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆయనవే. చీకటితో కపిలతీర్థం దగ్గర కలుసుకుని కొండవాలు వెంబడి నడిచేవాళ్ళం. పుస్తకం ఆయన సంచిలో ఉండేది కానీ పిట్ట కనపడగానే తీయనిచ్చేవాడు కాదు. "ముందు పిట్టను చూడు. తోక, ముక్కు, కాలు, నడక. నీ నోటుబుక్కులో నువ్వు రాసుకో. ఇంటికి పోయినాక పుస్తకం." ముందే పుస్తకం తెరిస్తే బొమ్మలో ఉన్నదే చెట్టు మీద కనపడుతుందని ఆయన మాట. అది ఎంత నిజమో నాకు పాతికేళ్ళ తర్వాత ఫోటోల గైడ్లు చేతికొచ్చాక తెలిసింది. ఫోటోలో ఉండేది ఆ ఒక్క పిట్ట, ఆ ఒక్క వెలుతురులో. గీసిన బొమ్మలో ఆ జాతి మొత్తం ఉంటుంది. గీసినవాడు వంద పిట్టల్ని చూసి ఏది ముఖ్యమో దాన్నే చూపిస్తాడు. ఇప్పటికీ కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు బొమ్మలు గీసిన పుస్తకమే కొనుక్కోమంటాను.

సార్ చేతికి ఎవరు దొరికినా ముందు ఇచ్చేది నేషనల్ బుక్ ట్రస్టు వేసిన చిన్న పుస్తకం, 'కామన్ బర్డ్స్'. 1967లో సలీం అలీ, లయీక్ ఫతేహల్లీ కలిసి రాసింది. ధర తక్కువ, చేతిలో ఇముడుతుంది, మన ఇంటి చుట్టూ ఉండేవే ఉంటాయి. "వెయ్యి పిట్టలున్న పుస్తకం మొదట్లోనే ఇస్తే పిల్లోడు బెదురుకుంటాడు" అనేవాడు. అట్లా ఇచ్చిన కాపీలు ఎన్ని తిరిగి రాలేదో లెక్క లేదు. అడిగేవాడు కూడా కాదు.

పెద్ద పుస్తకం కథ వేరు. సలీం అలీ, డిల్లన్ రిప్లీ 1968 నుంచి 1974 దాకా తెచ్చిన 'హ్యాండ్‌బుక్', పది సంపుటాలు. అవి ఒక కాలేజీ లైబ్రరీలో అద్దాల బీరువాలో ఉండేవి, తాళం వేసి. అడిగితే "రెఫరెన్సు" అనేవాళ్ళు. బయటికి ఇవ్వరు, లోపల చదవడానికి తాళంచెవి ఉన్న మనిషి లేడు. ఎండాకాలం సెలవుల్లో సార్ రోజూ పోయి ఆ వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. తొమ్మిదో రోజు తాళం తీశారు. ఆయన గూళ్ళు కట్టే కాలం వివరాలన్నీ చేత్తో ఎత్తిరాసుకున్నాడు. అవే ఈ పెట్టెలో నాలుగు లాంగ్‌నోటుబుక్కులు. తాళం వేసిన పుస్తకం మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

*

ఒకసారి నేలపట్టు పోయాం. అప్పుడది నెల్లూరు జిల్లా, ఇప్పుడు మా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. నాయుడుపేట దాకా ఒక బస్సు, దొరవారిసత్రం దగ్గర దిగి నడక. చెరువులో నీళ్ళలోనే నిలబడ్డ కడప చెట్లు, వాటి నిండా గూడబాతులు. పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటున్నాయి. గట్టు మీద ఒక రైతు మాతో పాటు కూర్చుని బీడీ ముట్టించాడు. ఆ రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు మడికి పారిస్తే వేరే ఎరువు అక్కర్లేదన్నాడు. సార్ వెంటనే నోటుబుక్కు తీశాడు. "ఇది ఏ పుస్తకంలో ఉండాదబ్బా?" అని నా వైపు చూశాడు. ఆ చూపు మరిచిపోలేను.

ఇంకోసారి, వానలు పడే రోజుల్లో, పోస్టాఫీసు కాంపౌండులో గోడ పక్కన ఒక పిట్ట పడి ఉంది. ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్లటి పట్టె, పొట్ట కింద ఎరుపు, రెక్క మీద మెరిసే నీలం. వలస పోతూ అలిసి రాలిపోయింది. కాళ్ళు గట్టిగానే ఉన్నాయి. పార్సిలు అట్టపెట్టెకు చిల్లులు పెట్టి అందులో ఉంచి మధ్యాహ్నం సార్ దగ్గరికి తీసుకుపోయాను. సార్ పెట్టె మూత కొంచెమే ఎత్తి చూసి, గొంతు తగ్గించి, "పొన్నంకి పిట్ట" అన్నాడు. ఆ మాట నేను మొదటిసారి వినడం. ఇంగ్లీషులో దీని పేరేమిటంటే, "పిట్ట" అన్నాడు.

తెలుగులోనే చెప్తున్నాడనుకున్నాను. కాదు. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ రకం పక్షులన్నిటికీ కలిపి పెట్టిన శాస్త్రీయ నామమే 'పిట్ట'. మన మాటే. మద్రాసు ప్రాంతం నుంచి పోయిన మాట. ఆస్ట్రేలియాలో ఉన్నవాటినీ, ఆఫ్రికాలో ఉన్నవాటినీ ప్రపంచమంతా పిట్ట అనే పిలుస్తుంది. ఆ సాయంత్రం చీకటి పడేటప్పుడు పెరట్లో మూత తీశాం. కాసేపు కదలలేదు. తర్వాత నేల మీద నాలుగు గెంతులు గెంతి, కానగమాను కిందికి పోయి, అక్కడినుంచి లేచిపోయింది. సార్ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

*

సార్ పుస్తకంలో ఒక పేపరు కత్తిరింపు ఉండేది. కలివికోడి దొరికిన వార్త. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు వల్ల 1848లో శాస్త్రానికి తెలిసిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, లంకమల అడవుల్లో మళ్ళీ దొరికింది. బొంబాయి నుంచి వచ్చిన నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు బొమ్మలు చూపించి ఊరూరా అడిగారు. ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట లైటు వెలుతురులో పట్టి తెచ్చాడు. అప్పటికి సలీం అలీ బతికే ఉన్నారు, మరుసటి సంవత్సరం పోయారు.

"ఎనభై ఆరేండ్లు పుస్తకాలు రాసేవాళ్ళకి కనపడనిది, కలివి పొదల పక్కన గొర్లు మేపుకునే వాళ్ళ నోట్లో ఉండింది" అనేవాడు సార్. ఆ కత్తిరింపు తీసినప్పుడల్లా అదే మాట. ఆ తర్వాతే ఆయన పెన్సిలు పట్టుకున్నాడు.

ఇంటర్నెట్టు వచ్చాక ఆ జెర్డాన్‌దే ఇంకో సంపద దొరికింది. 1862-64లో అచ్చయిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'. నెల్లూరులో పనిచేసిన మనిషి కాబట్టి చాలా పిట్టలకు తెలుగు పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చాడు. నెట్ సెంటర్లో కొన్ని పేజీలు ప్రింటు తీసి, స్పైరల్ బైండింగు చేయించి సార్‌కు తీసుకుపోయాను. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "పస్సల... పోలి... గాడు" అని చదివాడు. నూటయాభై ఏళ్ళ కిందట ఎవరో ఒక దొర మా అవ్వ లాంటి ముసలమ్మను అడిగి రాసుకున్న పేరు. నాకు గొంతు పూడుకుపోయింది. అవ్వ అప్పటికి లేదు.

కొత్త పుస్తకాలూ వచ్చాయి. గ్రిమెట్, ఇన్‌స్కిప్ దంపతులది 1998లో పెద్దది, మరుసటి ఏడు జేబుపుస్తకం. బొమ్మకు ఎదురు పేజీలోనే వివరం, నడుస్తూ చూసుకోవడానికి అంతకంటే అనువైనది నాకు దొరకలేదు. 2005లో రాస్‌ముస్సెన్, ఆండర్టన్ రెండు సంపుటాలు, అందులో అరుపుల్ని కూడా గీతలుగా అచ్చువేశారు. అన్నీ సార్ కొన్నాడు, పెన్షన్ డబ్బులతోనే. అన్నీ పెట్టెలో ఉన్నాయి. అయినా చివరిదాకా కుర్చీ పక్కన ఉండింది మాత్రం పాత సలీం అలీ ఒక్కటే.

*

ఆ పుస్తకం తెరిచాను. ప్రతి పేజీ అంచునా పెన్సిలు. ఏ పిట్టకు ఏ ఊళ్ళో ఏం పేరు, ఎవరు చెప్పారు. తేదీలు లేవు. 'యానాది పెద్దాయన, స్వర్ణముఖి పక్క.' 'పాకాల సంతలో గాజుల ఆమె.' డ్రాంగో పేజీలో మూడు పేర్లు. 'ఏట్రింత, కాళహస్తి వైపు.' 'కరిచ్చాన్, నగరి, పుత్తూరు, అరవం మాట.' వాటి పైన, అన్నిటికంటే పాతగా, చెరిగిపోతూ, 'పసులపోలిగాడు. పోస్టాఫీసు అబ్బోడి అవ్వ, చంద్రగిరి.'

కొన్ని పేజీల్లో పేరు లేదు, ప్రశ్నార్థకం మాత్రం ఉంది. ఇంటికి తెచ్చుకున్నాక లెక్కపెట్టాను, నలభై ఒకటి. అందులో ఒకటి పసుపు గొంతు పిగిలిపిట్ట. మా శేషాచలం లాంటి రాళ్ళ గుట్టల్లో తప్ప ఎక్కడ పడితే అక్కడ ఉండదు. దాని పక్కన 'తలకోన, అడగాలి' అని రాసుకున్నాడు.

పోయిన ఆదివారం తలకోన పోయాను. జలపాతం దారిలో మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన్ని ఆపి పుస్తకం చూపించాను. ఆయన చేతులు పంచెకు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చాలాసేపు చూశాడు. మళ్ళీ నా చేతికిచ్చేశాడు.

"బొమ్మ చూసి ఎట్ల చెప్పేది సామీ? అరిస్తే చెప్తా. పొద్దున్నే రా, ఆ పై బండ కాడికి."

ఎన్నింటికి రావాలని అడిగాను. మేకలు వదిలే పొద్దుకన్నాడు.